కిటికీ తెరిచి ఉన్నంత మాత్రాన

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

బరంపురంలో లోడ్ బ్యాలెన్సర్ల బాధ్యత, అంటే వచ్చే అభ్యర్థనలను సర్వర్లకు పంచిపెట్టే వాటి బాధ్యత, నీకు అప్పగించారని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. వంతులవారీగా పంచే రౌండ్ రాబిన్, పని తక్కువున్నవారికి పంపే లీస్ట్ కనెక్షన్స్, వచ్చిన చిరునామాను బట్టి పంపే సోర్స్ హ్యాష్ అంటూ పంపక పద్ధతులన్నీ కంఠస్థం చేశానని రాశావు. మంచిదే. అయితే అవి ఒక పూటలో అర్థమయ్యే సంగతులు. ఎవరికి పంచకూడదో కనిపెట్టడానికే ఏళ్లు పడతాయి.

నా తొలి ఉద్యోగంలో మూడు సర్వర్లు, వాటి ముందు ఒక బ్యాలెన్సర్ ఉండేవి. లీస్ట్ కనెక్షన్స్ పెట్టాను. ఎవరి చేతిలో పని తక్కువగా ఉంటే తర్వాతి అభ్యర్థన వారికే. సర్వర్ బాగుందా అని బ్యాలెన్సర్ చేసే హెల్త్ చెక్ అంటావా, కనెక్షన్లు అందుకునే టీసీపీ పోర్టు తెరిచి ఉందా లేదా, అంతే. ఒకరోజు ఒక సర్వర్‌కు డేటాబేస్‌తో సంబంధం తెగింది. పోర్టు మాత్రం తెరిచే ఉంది. బస్టాండులో కిటికీ తెరిచి గుమస్తా కూర్చున్నాడు, టికెట్ల కట్ట లేదు అనుకో. వచ్చినవారిని వచ్చినట్టే 'లేవు, వెళ్లండి' అని క్షణంలో పంపేస్తాడు. పనిచేసే కిటికీల ముందు వరుస పెరుగుతుంది, ఇతని ముందు ఎప్పుడూ ఖాళీయే. ఆ ఖాళీ చూసి బ్యాలెన్సర్ జనాన్నంతా అక్కడికే తోసింది. మూడో వంతు మందికి కలగాల్సిన ఇబ్బంది దాదాపు అందరికీ కలిగింది. నేనేమో బరువు ఎక్కువైందనుకుని మిగతా రెండు మంచి సర్వర్లనూ తనిఖీ చేస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

కాబట్టి హెల్త్ చెక్ అప్లికేషన్ లోపలి దాకా వెళ్లాలి. ఒక చిన్న పేజీ రాయించు. అది డేటాబేస్‌ను ఒకసారి తట్టి వచ్చాకే 200, అంటే 'అంతా సరే', అనాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. డేటాబేస్ తానే కాసేపు ఆగితే అన్ని సర్వర్లూ ఒకేసారి తప్పుతాయి, బ్యాలెన్సర్ అందరికీ 503, అంటే 'ప్రస్తుతం సేవ లేదు', చూపిస్తుంది. అందుకే ఒక్కసారి తప్పగానే తీసేయకూడదు. హెచ్‌ఏప్రాక్సీ అనే బ్యాలెన్సర్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా 2 సెకన్లకొకసారి అడుగుతుంది, వరుసగా 3 సార్లు తప్పితే తీస్తుంది, 2 సార్లు సరిగా పలికితే మళ్లీ చేర్చుకుంటుంది. అంటే ఇంచుమించు ఆరు సెకన్ల పాటు చెడ్డ సర్వర్‌కు మనుషులు వెళుతూనే ఉంటారు. ఆ ఆరు సెకన్లలో వారికి ఏం కనిపిస్తుందో నీకు ముందే తెలిసి ఉండాలి.

నెట్‌వర్క్ అంతస్తుల్లో బ్యాలెన్సర్ నాలుగో లేయరులో పనిచేయాలా, ఏడో లేయరులోనా అని అడిగావు. మన ఊళ్లో ఒడియా వారికి ఒక కిటికీ, తెలుగు వారికి ఒక కిటికీ పెట్టారనుకో. మనిషి నోరు విప్పేదాకా ఎటు పంపాలో గుమస్తాకు తెలియదు. అది ఏడో లేయరు. మాట వినకుండా, వచ్చిన చిరునామా, పోర్టు చూసి పంపేది నాలుగోది. వినాలంటే మాటలను దాచిపెట్టే టీఎల్ఎస్ ముసుగును బ్యాలెన్సర్ దగ్గరే తీయాలి. అప్పుడు సర్టిఫికెట్ గడువు గుర్తుంచుకునే పని కూడా నీదే అవుతుంది.

నిన్ను ఎక్కువగా ఏడిపించేది తిరుగుదారి. అభ్యర్థన బ్యాలెన్సర్ ద్వారా వెళ్లి, జవాబు సర్వర్ నుంచి నేరుగా వచ్చిందంటే, తాను అడగని చిరునామా నుంచి వచ్చిన ఆ జవాబును అవతలి కంప్యూటర్ తోసిపుచ్చుతుంది. సర్వర్ బాగుంది, బ్యాలెన్సర్ బాగుంది, పేజీ మాత్రం రాదు. సెట్టింగులు తిప్పుతూ కూర్చోకుండా రెండు వైపులా, వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టి చూడు. పంపినవారి చిరునామా బదులు బ్యాలెన్సర్ చిరునామా వేసే సోర్స్ నాట్ పెడితే దారి కుదురుతుంది గాని, సర్వర్ రాసుకునే లాగ్‌లో అందరూ బ్యాలెన్సర్ చిరునామాతోనే కనిపిస్తారు. అసలు చిరునామాను అభ్యర్థన పైభాగాన రాసే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్‌లో పంపాలి. ఆ హెడర్‌ను బయటివారెవరైనా రాసి పంపగలరు కనుక, వారు రాసినది చెరిపి నీది రాయి.

మరమ్మతుకు సర్వర్‌ను తీసేటప్పుడు టక్కున ఆపకు. కొత్తవారిని పంపడం మానేసి, ఉన్నవారు పని ముగించుకునేదాకా ఆగు.

ఇదంతా ఆఫీసు యంత్రాల మీద నేర్చుకోకు. నీ ల్యాప్‌టాప్‌లో నాలుగు చిన్న వర్చువల్ మెషీన్లు పెట్టుకో, రెండు బ్యాలెన్సర్లు, రెండు సర్వర్లు. సర్వర్‌ను ఆపి చూడు. తర్వాత ఆపకుండా నెమ్మదింపజేసి చూడు. అది ఇంకా కష్టం. రెండు బ్యాలెన్సర్ల మధ్య, ఒకటి పడితే దాని చిరునామాను రెండోది అందుకునేలా చేసే వీఆర్ఆర్‌పీ నడిపించు. అది టీసీపీ కాదు, యూడీపీ కాదు, 112వ నంబరు ప్రోటోకాల్. ఫైర్‌వాల్ దాన్ని ఆపితే రెండూ 'నేనే పెద్ద' అంటూ ఒకే చిరునామా పట్టుకుంటాయి.

దసరాకు వచ్చేటప్పుడు ఆ ల్యాప్‌టాప్ తీసుకురా. నువ్వు మీ పిన్నితో మాట్లాడుతుండగా అందులో ఏదో ఒకటి నేను చెడగొడతాను. భోజనాల వేళకు అదేమిటో కనిపెట్టి చెప్పాలి.

ఇట్లు,
బాబాయి