ముందు నడిచి చూడు, తర్వాత పరిగెత్తు

తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊరి నడుమ పాత కోట, కింద నది, వెనక కొండ, కొండ దాటితే అడవి, ఎక్కణ్ణించి మొదలుపెట్టను పెద్దమ్మా అని అడిగావు. ఆ కిందనే, వచ్చే ఆదివారం ఇవన్నీ కలిపి ఒకే చుట్టుగా 18 కిలోమీటర్లు పరిగెత్తేస్తానని రాశావు. ముప్పై ఏళ్ళుగా పరిగెత్తుతున్నదాన్ని, ఇలాంటి పాత ఊళ్ళు నాలుగింటిలో కాపురం ఉన్నదాన్ని చెబుతున్నాను, ఆదివారం ఆ పని చెయ్యకు.

పాత ఊరు ఎక్కడపడితే అక్కడ వెలిసింది కాదు. తాగడానికి నీళ్ళు దగ్గరుండాలి. వచ్చేవాడు మిత్రుడో శత్రువో దూరం నుంచే కనపడాలి. పంటకి చదును నేల కావాలి, పొయ్యికీ ఇంటి దూలాలకీ అడవి కావాలి. ఇవన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చోటు వెతుక్కుని కట్టుకున్నారు. అందుకే నీకు గంట పరుగులో నాలుగు రకాల నేల తగులుతోంది. కళ్ళకి అది పండగే గానీ కాళ్ళ సంగతి వేరు. నేల మారినప్పుడల్లా బరువు మోసే చోటు మారుతుంది. రాతి మీద మడమకి దెబ్బ, ఎక్కుడులో పిక్కలకి, దిగుడులో తొడలకి, అడవిలో చీలమండలకి. చదును రోడ్డు మీద పదేళ్ళు పరిగెత్తిన మనిషికైనా ఇవన్నీ ఒకే పూట మీదపడితే తట్టుకోవడం కష్టం. నేను నేర్చుకున్నది ఒకటే: ఒక్కో దారికి ఒక్కో పని అప్పగించాలి, ఒక దారి పనిని ఇంకో దారి చేత చేయించకూడదు.

ముందు ఒక వారం నడువు. వాచీ వద్దు, పరుగు వద్దు. నువ్వు పరిగెత్తబోయే వేళకే వెళ్ళి నడువు. తెల్లవారుజామున ఏ వీధిలో దీపాలు వెలగవో, ఏ సందులో కుక్కలు పడుకుంటాయో, ఏ గేటు ఎన్నింటికి తెరుస్తారో, తాగే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో మ్యాప్‌లో ఉండవు. కుక్క వెంటపడితే పరుగు ఆపి, దాని కళ్ళలోకి చూడకుండా మెల్లగా నడుచుకుంటూ దాటిపో. పరిగెత్తే కొద్దీ తరమాలని దానికి అనిపిస్తుంది.

కోట లోపలి వీధుల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నేను దెబ్బ తిన్నది అక్కడే కాబట్టి. వాన వెలిసిన ఓ పొద్దున పాత మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. రాయి గట్టిది కదా, పట్టు ఉంటుంది అనుకున్నాను. రాళ్ళన్నీ ఒకటి కావు. సున్నపురాయి, పాలరాయి మెత్తని జాతి. వాటిలో ఉండే కాల్సైట్ అనే ఖనిజం గట్టిదనం, ఖనిజాలని 1 నుంచి 10 దాకా పోల్చే మోస్ కొలతలో 3. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్‌ది 7. వందల ఏళ్ళ అడుగులు పడేసరికి సున్నపురాయి మెట్టు అద్దంలా నునుపెక్కిపోతుంది, గ్రానైట్ పలక చాలాకాలం గరుకుగానే ఉంటుంది. కాబట్టి మీ ఊరి రాయి ఏదో ముందు తెలుసుకో. మెట్టు మధ్యలో గుంటపడి మెరుస్తుంటే ఎక్కువమంది తొక్కిన చోటు అదే, తడి రోజున దాని పక్కగా నడువు. ఎండ తగలని గోడ నీడలో పాచి ఉంటుంది, అది ఏ రాయి మీదైనా జారుతుంది.

ఇంకో సంగతి. పాత మెట్లు అన్నీ ఒకే ఎత్తులో ఉండవు. మొదటి రెండు మూడు మెట్లు ఎక్కగానే మన కాలు ఆ ఎత్తుకి అలవాటుపడి, మిగతావి కూడా అంతే అనుకుని లేస్తుంది. వేలెడు తేడా ఉన్నా చాలు, బొటనవేలు తగిలి ముందుకి పడతాం. అక్కడ పరుగు మానేసి నడువు, పోయేదేమీ లేదు.

ఇరుకు సందుల్లో నీ వాచీ చెప్పే వేగాన్ని నమ్మకు. జీపీఎస్ సంకేతాలు ఎత్తైన గోడలకి తగిలి తిరిగొస్తాయి, దాంతో నువ్వు ఇంటి కప్పుల మీదుగా పరిగెత్తినట్టు గీత గీస్తుంది. అక్కడ ఊపిరే నీ కొలత. పూర్తి వాక్యం ఆయాసపడకుండా చెప్పగలిగితే అది తేలిక పరుగు. కోట వీధులకి నేను ఇచ్చే పని అదే, వారానికి ఒకరోజు అరగంట తేలిక పరుగు, అదీ జనం లేవకముందు. జనం నిండాక ఆ వీధులు వాళ్ళవి.

కోటగోడ సంగతి వేరు. గోడ చుట్టు ఎక్కడ మొదలైందో అక్కడికే వస్తుంది, దూరం మారదు, బండ్లు అడ్డురావు. ఇటలీలోని లుక్కా ఊళ్ళో గోడ చుట్టుకొలత 4 కిలోమీటర్ల పైచిలుకు. గోడ మీదే చెట్ల నీడన జనం రోజూ పరిగెత్తుతారు. చైనాలోని షియాన్ గోడ చుట్టు 13 కిలోమీటర్లు దాటుతుంది. మీ ఊళ్ళో గోడ మీద పరుగుకి అనుమతి ఉందో లేదో అడుగు. లేకపోతే కిందనే, కందకం గట్టు వెంట చుట్టు వెయ్యి. రాళ్ళు కదిలిన చోట్ల ఎక్కొద్దు. దెబ్బ తగిలితే నీ కాలు మానుతుంది గానీ ఊడిన రాయి మళ్ళీ తనంత తాను కూర్చోదు. ఈ చుట్టుని నీ వేగం పరుగుకి కేటాయించు. నెలకోసారి అదే చోట మొదలుపెట్టి, అదే దిశలో ఒక చుట్టు వేసి, పట్టిన సమయం పుస్తకంలో రాసుకో. ఏడాది తిరిగేసరికి నువ్వెంత మెరుగయ్యావో ఆ ఒక్క పేజీలో కనపడుతుంది.

నది ఒడ్డున దూరం పరుగు. చదునుగా ఉంటుంది, ఊపిరి సాగుతుంది, పొద్దున నీళ్ళ మీద ఆవిరి లేస్తుంటే ఆ అందం నీకు నేను చెప్పక్కర్లేదు. నీరు పల్లమెరుగు అన్నట్టే చలిగాలి కూడా పల్లమెరుగు. గాలి ఆడని రాత్రి కొండల మీది చల్లగాలి బరువెక్కి లోయలోకి జారి నది దగ్గర నిలిచిపోతుంది. కోటలో చలి లేదని పల్చటి బట్టలతో దిగితే ఒడ్డున వణుకుతావు. గాలికి ఎదురుగా బయల్దేరి, తిరిగొచ్చేటప్పుడు గాలి వీపుకి తగిలేలా చూసుకో. చెమట పట్టిన ఒంటికి చివర్లో ఎదురుగాలి తగిలితే చలి ఎముకల్లోకి పోతుంది.

నది దారిలో అసలు చిక్కు చదునుతనమే. ఇంకొంచెం, ఆ వంతెన దాకా, ఆ మలుపు దాకా అనుకుంటూ పోతాం. వెళ్ళినంతా వెనక్కి రావాలని అప్పుడు గుర్తుకురాదు. అందుకని దూరం చూసి కాదు, సమయం చూసి తిరుగు. గంటన్నర పరుగైతే నలభై నిమిషాలకే వెనక్కి మళ్ళు, మిగిలిన పది నిమిషాలు అలసటకి వదిలెయ్యి. గట్టు ఒకవైపుకి వాలి ఉంటే ఎప్పుడూ ఒకే కాలు పల్లం వైపు పడేలా పోకు. పల్లం వైపు కాలు ఎప్పుడూ అదే అయితే మోకాలి బయటి పక్కన నొప్పి మొదలవుతుంది. వెళ్ళిన అంచునే తిరిగి రా, వాలు రెండో కాలికి మారుతుంది. వరద తీసిన తర్వాత కొన్నాళ్ళు నీటి అంచుకి పోకు, పైకి గట్టిగా కనపడే ఒడ్డు కింద డొల్లగా ఉండొచ్చు.

ఇక కొండ. నీకు బాగా ఇష్టమైంది ఇదేనని నీ రాతలోనే తెలుస్తోంది. కొండని కిలోమీటర్లలో లెక్కపెట్టకు. స్కాట్లాండ్‌కి చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో నడకకి ఒక లెక్క చెప్పాడు. చదునులో గంటకి 5 కిలోమీటర్ల చొప్పున వేసుకుని, ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట కలుపుకోవాలి. పరిగెత్తేవాళ్ళ అంకెలు వేరైనా లెక్క తీరు అదే: ఎత్తుకి విడిగా సమయం ఇవ్వాలి. నిటారు ఎక్కుడులో చేతులు తొడల మీద ఆనించి వడిగా నడువు. ఆ వాలులో పరుగుకీ నడకకీ వేగంలో పెద్ద తేడా ఉండదు, ఆయాసంలో మాత్రం బోలెడంత తేడా.

నిన్ను కుంటించేది ఎక్కుడు కాదు, దిగుడు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేకులా పనిచెయ్యాలి. ఆ సాగుడులో కండరపు పోగులు సన్నసన్నగా దెబ్బతింటాయి. ఆరోజు ఏమీ తెలియదు. మర్నాడు, మూడోనాడు మెట్లు దిగలేక గోడ పట్టుకుంటావు. అయితే శరీరం దీన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి కొద్దిగా ఆ బాధ పడ్డ కండరం, తర్వాత కొన్ని వారాలదాకా అదే దిగుడుకి అంతగా నొయ్యదు. అందుకే మొదటిసారి కొండ సగం దాకే ఎక్కి, పొట్టి అడుగులతో దిగిరా. నాలుగు రోజులు ఆగు. ఆ తర్వాత శిఖరం. అడుగు పొడుగు చేసి మడమతో బ్రేకు వేస్తూ దిగడం మోకాళ్ళని పాడుచేసుకోవడమే.

అడవి దారిని చివరికి ఉంచాను, ఒక నెల ఆగి వెళ్ళమని. వేర్లు ఆకుల కింద దాక్కుని ఉంటాయి. చూపు కాలి దగ్గర కాదు, మూడు నాలుగు అంగల ముందు ఉండాలి, పాదం మామూలుకన్నా కాస్త ఎత్తి వెయ్యాలి. దారి మధ్యలో బురద ఉంటే బురదలోంచే పో తల్లీ, షూస్ కడుక్కోవచ్చు. అందరూ పక్కనుంచి తప్పుకుంటూ పోతే మొక్కలు చచ్చి కాలిబాట కాస్తా బండిబాట అవుతుంది. సూర్యుడు కుంగాక బయట కాసేపు వెలుగుంటుంది గానీ చెట్ల కింద చీకటి ముందే పడుతుంది. సూర్యాస్తమయానికి గంట ముందే బయటికి వచ్చెయ్యాలి.

ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లవి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. రోజూ ఒకే వేళకి ఒకే దారిన పోకు. ఏ దారిన వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఒక మనిషికి చెప్పి వెళ్ళు. చెవుల్లో పాటలు అడవిలోనూ, తెల్లవారుజాము సందుల్లోనూ వద్దు. రన్నింగ్ యాప్‌లో నీ ఇంటి గుమ్మం దగ్గర మొదలయ్యే గీత ఊరందరికీ కనపడేలా పెట్టకు, ఇంటి చుట్టుపక్కల భాగం దాచే సదుపాయం చాలా యాప్‌లలో ఉంటుంది. భయపెట్టడానికి కాదు, ముప్పై ఏళ్ళు నేను నిశ్చింతగా పరిగెత్తింది ఇలాంటి చిన్న అలవాట్ల వల్లే.

ఆ 18 కిలోమీటర్ల చుట్టు మంచి ఆలోచనే. కొండ దిగి వచ్చిన మర్నాడు మెట్లు నొప్పి లేకుండా దిగగలిగిన రోజున, నది ఒడ్డున గంటన్నర తేలిగ్గా పరిగెత్తగలిగిన రోజున ఆ చుట్టు వెయ్యి. నాకు తెలిసి మూడు నెలలు పడుతుంది. అప్పుడైనా కొండని ముందు, నదిని చివర పెట్టు, అలసిన కాళ్ళకి చదును నేల మిగలాలి.

నడక వారం అయిపోగానే దారులన్నీ నీ చేత్తో కాగితం మీద గీసి పంపు. నీళ్ళు దొరికే చోట్లు, జారే మెట్లు, కుక్కలుండే సందులు గుర్తుపెట్టు. చూసి ఎక్కడ ఏం మార్చాలో రాస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ