పర్మిషన్ల జాబితా నుంచి రూఫింగ్ పనులు రావాలంటే

రూఫింగ్, అంటే ఇంటి కప్పు పనుల కోసం బిల్డింగ్ పర్మిషన్ల జాబితా డౌన్‌లోడ్ చేసి అందరికీ ఉత్తరాలు పంపినా ఒక్కరూ పలకలేదని మీరు రాశారు. జాబితా మంచిదే, అందరికీ ఒకే ఉత్తరం పంపడం దగ్గరే చిక్కు వచ్చింది.

ముందు ప్రతి దరఖాస్తులో పని వివరణ చదవండి. పైన మరో గది, వెనకవైపు పొడిగింపు, సోలార్ ప్యానెళ్లు లాంటివి ఏరుకోండి. ప్రహరీ గోడలు, సైన్ బోర్డులు వదిలేయండి. తర్వాత డ్రాయింగులు తెరవండి. అసలు సరుకంతా అక్కడే ఉంటుంది: కప్పు వాలు, వైశాల్యం, ఏ మెటీరియల్ రాశారు, పాత కప్పూ కొత్త కప్పూ కలిసే చోటు ఎలా చూపించారు. నీళ్లు కారేది ఎక్కువగా ఆ అతుకు దగ్గరే కదా! దాన్ని మీరు ఎలా మూస్తారో ఉత్తరంలో రెండు వాక్యాలు రాయండి. తన ఇంటి గురించే రాశారని యజమానికి అర్థమవుతుంది.

దరఖాస్తు పెట్టిన కొత్తలో వాళ్లకు అనుమతి వస్తుందా రాదా అన్న టెన్షనే ఉంటుంది. అనుమతి వచ్చిన వారంలో రాయండి. పర్మిట్‌లో కాంట్రాక్టర్ పేరు అప్పటికే ఉంటే యజమానిని వదిలేసి, సబ్‌కాంట్రాక్ట్ కోసం, అంటే కప్పు పని వరకు మీకు అప్పగించమని, ఆ కాంట్రాక్టర్‌నే అడగండి. మళ్లీ మళ్లీ కనిపించే ఆర్కిటెక్టుల పేర్లు రాసి పెట్టుకోండి. నా దృష్టిలో వాళ్లతో పరిచయం అన్నిటికన్నా విలువైనది.

పాత పర్మిట్ రికార్డులూ పనికొస్తాయి. ఆస్ఫాల్ట్ షింగిల్స్ (కప్పు మీద పరిచే తారు పలకలు) సాధారణంగా 20 నుంచి 30 ఏళ్లు వస్తాయి, కాబట్టి అన్నేళ్ల కిందట వాటితో కప్పు మార్చిన ఇళ్లు ఇప్పుడు చూడదగ్గవే. ఫోన్ చేసే ముందు మాత్రం మీ దగ్గరి ప్రైవసీ నిబంధనలు చూసుకోండి.