డెడ్‌లైన్ లోపు స్టార్టర్‌ను వెతుకుతున్న మేనల్లుడికి

చి. మేనల్లుడిని మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ మేజర్ లీగ్ బేస్‌బాల్ క్లబ్బులో ఐదుగురు స్టార్టర్లలో, అంటే ఆట మొదటి నుంచి బంతి వేసే పిచర్లలో, ఇద్దరు గాయాల జాబితాకెక్కారనీ, ట్రేడ్ డెడ్‌లైన్ (క్లబ్బులు ఆటగాళ్లను మార్చుకునే ఆఖరి గడువు) లోపు బయటి నుంచి ఒకణ్ణి తేవాలని పైవాళ్లు నిర్ణయించారనీ, ఎవరెవరిని అడగాలో జాబితా వేసే పని నీ నెత్తిన పడిందనీ రాశావు. లెక్కల్లో నీకు నేను నేర్పేదేమీ లేదు. బేరం గురించి మాత్రం నాలుగు ముక్కలు చెబుతాను, విను.

ముందు నువ్వు కొనేది ఎంతో చూసుకో. జులై నెలాఖరుకి 162 ఆటల్లో దాదాపు 108 అయిపోతాయి. మిగిలిన 54లో ఐదు రోజులకోసారి బంతి పట్టేవాడికి వచ్చేవి పదో పదకొండో ఆటలు. ఆటకుండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదున్నర చొప్పున 55 నుంచి 60 ఇన్నింగ్స్. అక్టోబర్ ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ పోటీల్లో) ఇంకో రెండు మూడు ఆటలు పడితే అది కొసరు. ఈ ఏడాదితో ఒప్పందం ముగిసే రెంటల్ పిచర్ దగ్గర ఇంతకు మించి ఏమీ రాదు. సీజన్ మధ్యలో జట్టు మారినవాడికి క్వాలిఫైయింగ్ ఆఫర్ (వెళ్ళబోయేవాడికి క్లబ్బు ఇవ్వజూపే ఏడాది ఒప్పందం) ఇవ్వడం కుదరదు కాబట్టి, అతను వెళ్ళిపోయినప్పుడు పరిహారంగా డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే వంతు) కూడా దక్కదు.

త్వరగా కొంటే ఆటలు పెరుగుతాయి. 2008లో మిల్వాకీ సీసీ సబాతియాను జులై 7న తెచ్చుకుంటే అతను 17 ఆటలు మొదలుపెట్టాడు. 11 గెలిచి 2 ఓడాడు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతని ఖాతాలో పడే సగటు పరుగులు) 1.65. 1998లో హ్యూస్టన్ ర్యాండీ జాన్సన్‌ను జులై 31న తెస్తే 11 ఆటలే దక్కాయి. అందులో 10 గెలిచాడు, ఈఆర్ఏ 1.28. మూడు వారాల తేడాకి ఆరు ఆటలు! కానీ జూన్‌లో అమ్మేవాడు దొరకడు. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో ఆరు జట్లకు ప్లేఆఫ్స్ చోటుంది. నాలుగైదు ఆటలు వెనకబడ్డవాడు కూడా ఆశ చావక జులై మూడో వారం దాకా చూద్దాంలే అంటాడు. ఆ తర్వాత కొనేవాళ్ళందరూ ఒకేసారి మీద పడతారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మాట ఈ సంతలో ఏటా నిజమవుతుంది. అందుకే ఫోన్లు జూన్‌లోనే మొదలుపెట్టించు. ధర అడగక్కర్లేదు. వాళ్ళకు మీ కుర్రాళ్లలో ఎవరు నచ్చారో తెలిస్తే చాలు. మీ డబుల్-ఏ (కుర్రాళ్లు ఆడే కింది లీగ్) ఆటలకు ఏ క్లబ్బు స్కౌట్లు వచ్చి హోమ్ ప్లేట్ వెనక కూర్చుంటున్నారో అక్కడి సిబ్బందిని అడిగినా సగం తెలిసిపోతుంది.

ఇక మీకు లోటు ఎక్కడుంది? ఆగస్టు, సెప్టెంబర్ గట్టెక్కించడానికి ఇన్నింగ్స్ కావాలా, అక్టోబర్‌లో మొదటి ఆటకు పంపే మొనగాడు కావాలా? ఈ రెండూ వేర్వేరు సరుకులు, ధరల్లో కూడా పోలికే లేదు. ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్య సెలవు రోజులుంటాయి కాబట్టి ఐదో స్టార్టర్‌కు పనుండదు. నాలుగోవాడిని కూడా బ్యాటర్లు రెండు చుట్లు తిరగగానే, అంటే 18 మంది కాగానే, దింపేస్తారు. మూడోసారి ఎదురైన బ్యాటర్‌కు బంతి వాలకం తెలిసిపోయి ఉంటుంది మరి. మీకు డివిజన్‌లో మొదటి స్థానం గ్యారంటీగా దక్కేలా ఉండి ముందువరసలో ఇద్దరు గట్టివాళ్ళుంటే నాలుగోవాడి కోసం పెద్ద ప్రాస్పెక్ట్‌ను (ఆశలు పెట్టుకున్న కుర్రాణ్ణి) ఇవ్వడం దండగ. వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవనివాళ్ళకు మిగిలే ప్లేఆఫ్స్ చోటు) కోసం పోరాడుతున్నారా, అప్పుడు ఆరో ఇన్నింగ్స్ దాకా నిలబడే మామూలు పిచరే ప్రాణం. అతను లేకపోతే బుల్‌పెన్ (స్టార్టర్ తర్వాత వచ్చే పిచర్ల బృందం) సెప్టెంబర్‌కల్లా అరిగిపోతుంది.

అసలు లోపం పిచింగ్‌లోనే ఉందో లేదో ఒకసారి సరిచూడు. మీ ఇన్‌ఫీల్డ్ (దగ్గరి ఫీల్డర్లు) చురుగ్గా లేనప్పుడు, బంతిని నేల మీదే కొట్టించే గ్రౌండ్‌బాల్ పిచర్‌ను తెస్తే, అతను పాత జట్టులో అవుట్లుగా మార్చిన బంతులు మీ దగ్గర హిట్లవుతాయి.

ఈఆర్ఏ చూసి ఎవరినీ జాబితాలోంచి కొట్టేయకు, ఎక్కించకు కూడా. స్ట్రైక్‌అవుట్ (బ్యాటర్‌ను బంతితోనే అవుట్ చేయడం) శాతంలోంచి వాక్ (బ్యాటర్‌ను ఊరికే బేస్‌కు పంపడం) శాతం తీసేసి చూడు. లీగ్ సగటు 14 దరిదాపుల్లో ఉంటుంది. 20 దాటినవాడు ఈఆర్ఏ 4.50 ఉన్నా అడగదగినవాడే. డెన్వర్‌లో ఆడేవాడి కర్వ్‌బాల్ ఆ మైలు ఎత్తు గాలిలో సరిగ్గా వంగదు, సిన్సినాటీలో మామూలు ఫ్లై బాల్ కూడా కంచె దాటుతుంది, సియాటిల్‌లో అదే బంతి ఫీల్డర్ చేతిలో పడుతుంది. మైదానం తేడా తీసేయకుండా ఇద్దరిని పక్కపక్కన పెట్టకు. మరో సంగతి, అతని దగ్గర మీ కోచ్‌లు మార్చగలిగింది ఏదైనా ఉందా? 2024లో టొరంటోలో 4.75తో ఉన్న యూసే కికుచిని హ్యూస్టన్ తెచ్చుకుంది. ముగ్గురు కుర్రాళ్లను ఇచ్చినందుకు అందరూ నవ్వారు. కర్వ్‌బాల్ తగ్గించి స్లైడర్ (వేగంగా పక్కకు జారే బంతి) పెంచాక అతను 10 ఆటల్లో 2.70తో ముగించాడు.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఒంటి పరీక్షకి. సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, పది అడుగులు నడిపించి మరీ చూస్తాడు. పిచర్‌ను నడిపించి చూసే వీలు మనకు లేదు. మెడికల్ ఫైలు చేతికొచ్చేది బేరం దాదాపు కుదిరాకే, అప్పటికి గంటలే మిగిలుంటాయి. కాబట్టి ఫైలు రాకముందే బయటి నుంచి కనిపించేవన్నీ నువ్వు పోగేసి ఉంచాలి. గత ఐదు ఆటల్లో ఫాస్ట్‌బాల్ వేగం ఎలా ఉంది? మొదటి ఇన్నింగ్స్‌కీ ఐదో ఇన్నింగ్స్‌కీ మధ్య ఎంత పడిపోతోంది? గంటకు ఒక మైలు తగ్గితే అలసట కావచ్చు, రెండు తగ్గితే అనుమానించు. బంతి వదిలే చోటు ఏప్రిల్‌తో పోలిస్తే అంగుళాల్లో కిందికి జారిందా? ఉన్నట్టుండి స్లైడర్ మానేశాడా? రెండు ఆటల మధ్య మామూలుగా ఉండే నాలుగు రోజుల విశ్రాంతి తరచూ ఆరేడు రోజులవుతోందా? కుర్రవాడైతే నిరుటి ఇన్నింగ్స్ కూడా చూడు. నిరుడు 90 వేసినవాడు ఈ జులైకే 110 దాటి ఉంటే, అక్టోబర్‌కు నువ్వనుకున్న చెయ్యి ఉండకపోవచ్చు.

2022 డెడ్‌లైన్ ఇందుకు మంచి పాఠం. ఆ జులైలో భుజం నొప్పితో ఆటలు మానుకున్న ఇద్దరు పిచర్లు, ఫ్రాంకీ మొంటాస్, టైలర్ మాలీ, తిరిగొచ్చి ఒకటి రెండు సార్లు బంతి వేశారో లేదో అమ్ముడుపోయారు. యాంకీస్‌కు మొంటాస్ 8 ఆటలు మొదలుపెట్టాడు, ఈఆర్ఏ 6.35. మరుసటి ఫిబ్రవరిలో భుజానికి సర్జరీ. మాలీ మినెసోటాకు రెండు సీజన్లలో కలిపి 9 ఆటలు ఆడాడు, ఆపైన మోచేతి లిగమెంట్‌కు చేసే టామీ జాన్ సర్జరీకి వెళ్ళాడు. అతని కోసం ఇచ్చిన ముగ్గురిలో ఒకడైన స్పెన్సర్ స్టీర్ సిన్సినాటీలో రోజూ ఆడే ఆటగాడయ్యాడు. మోచేతి లిగమెంట్‌ను సరిచేయడం ఇప్పుడు డాక్టర్లకు అలవాటైన పనే. భుజం అలా కాదు, ఒకసారి మూలిగిన భుజం మళ్ళీ మూలుగుతుంది.

అలాగని మచ్చ ఉన్న ఎంఆర్ఐ కనిపించగానే పారిపోకు. రెండు వందల పైచిలుకు ఇన్నింగ్స్ వేసిన ఏ మోచెయ్యీ కొత్తదానిలా ఉండదు. 2024లో జాక్ ఫ్లాహర్టీ ఫైలు చూసి ఒక పెద్ద జట్టు వెనక్కి తగ్గిందని వార్తలొచ్చాయి. డాడ్జర్స్ ఇద్దరు కుర్రాళ్లను ఇచ్చి తెచ్చుకుంది. వరల్డ్ సిరీస్ (ఫైనల్) మొదటి ఆటకు బంతి అతని చేతికే ఇచ్చింది, సిరీస్ కూడా గెలిచింది. డాక్టర్‌ను బాగున్నాడా లేడా అని అడక్కు. ఈ చెయ్యి 60 ఇన్నింగ్స్‌కు ఆగుతుందా అని అడుగు. రెండేళ్ల కంట్రోల్ ఉన్నవాడైతే (ఇంకో రెండేళ్లు మీకే కట్టుబడి ఉండేవాడైతే) 400 ఇన్నింగ్స్‌కు ఆగుతుందా అని అడుగు. ఒకే చేతికి ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు రావచ్చు, ధర కూడా దాన్నిబట్టే.

మీ వైపు ఫైళ్ళు మాత్రం దాచొద్దు. 2016లో వైద్య వివరాలు పూర్తిగా ఇవ్వలేదని శాన్ డియెగో జనరల్ మేనేజర్‌ను మేజర్ లీగ్ 30 రోజులు సస్పెండ్ చేసింది. అదే వేసవిలో ఆ క్లబ్బు మయామీకి పంపిన కాలిన్ రీ మొదటి ఆటలోనే మోచేతి నొప్పితో తప్పుకుంటే, అతణ్ణి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

డబ్బు సంగతి నువ్వే చూసుకోగలవు, ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకో. ఏడాదికి 1.5 కోట్ల డాలర్ల జీతగాడికి సీజన్ 187 రోజుల్లో చివరి 60 రోజులకు మీరిచ్చేది దాదాపు 48 లక్షలు. లగ్జరీ ట్యాక్స్ (క్లబ్బు మొత్తం జీతాలు హద్దు దాటితే కట్టే పన్ను) గీత 2025లో 24.1 కోట్ల డాలర్లు, 2026లో 24.4 కోట్లు. మొదటిసారి దాటినవాడికి పన్ను 20 శాతమే. వరసగా మూడో ఏడాది, అదీ 6 కోట్లకు పైగా దాటినవాడికి 110 శాతం. వాడికి ఆ 48 లక్షల పిచర్ కోటి దాటతాడు. ఎదుటి క్లబ్బు జీతం భరిస్తే ఇంకా మంచి కుర్రాణ్ణి అడుగుతుంది. 2023లో మెట్స్ మాక్స్ షెర్జర్‌ను టెక్సస్‌కు పంపుతూ దాదాపు 3.5 కోట్ల డాలర్లు తామే కట్టి లూయిసాంగెల్ అకూన్యాను రాబట్టింది. మీ యజమాని ఎటు మొగ్గుతాడో, డబ్బు ఇస్తాడో కుర్రాళ్లను ఇస్తాడో, జూన్‌లోనే తేల్చుకో. ఉండాలో వెళ్ళాలో ఆటగాడే తేల్చుకునే ప్లేయర్ ఆప్షన్ ఉన్న ఒప్పందాన్ని మాత్రం రెండుసార్లు చదువు. బాగా ఆడితే వెళ్ళిపోతాడు, దెబ్బ తగిలితే మీ జీతాల చిట్టాలోనే ఉంటాడు.

ఇచ్చే కుర్రాళ్ల విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. మొదటి పేరు మీద మూడు వారాలు కొట్టుకుని మూడో పేరును ముప్పై నిమిషాల్లో ఒప్పేసుకుంటారు. 2018లో పిట్స్‌బర్గ్ క్రిస్ ఆర్చర్ కోసం టైలర్ గ్లాస్నౌను, ఆస్టిన్ మెడోస్‌ను ఇచ్చింది, తర్వాత ప్రకటించే ఆటగాడిగా షేన్ బాజ్‌ను కూడా ఇచ్చింది. మరుసటి ఏడాది ఆర్చర్ ఈఆర్ఏ 5.19. సబాతియా బేరంలో పెద్ద పేరు మ్యాట్ లాపోర్టాది, తర్వాత చేర్చిన పేరు మైకేల్ బ్రాంట్లీది. ఐదుసార్లు ఆల్ స్టార్ అయినవాడు ఆ రెండోవాడే. అందుకే మీ సిస్టమ్‌లో ముప్పై మందికి, ఇరవయ్యోవాడికి కూడా, నీ అంచనా రాసి పెట్టుకో.

క్లబ్బు తన దగ్గరే కాపాడుకునే 40 మంది రోస్టర్‌ను కూడా బేరంలో వాడుకోవచ్చు. 18 ఏళ్లకో అంతకు ముందో చేరినవాణ్ణి ఐదు సీజన్ల తర్వాత, 19 నిండాక చేరినవాణ్ణి నాలుగు తర్వాత నవంబర్‌లో ఆ రోస్టర్‌లో పెట్టకపోతే డిసెంబర్ రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. మీ దగ్గర అలాంటివాళ్లు ఎనిమిది మంది ఉండి చోటు ముగ్గురికే ఉంటే, మిగిలిన ఐదుగురు మీకంటే ఖాళీలున్న క్లబ్బుకే ఎక్కువ విలువ. అమ్మేవాడి రోస్టర్ కూడా కిక్కిరిసి ఉంటే వాళ్ళనెవరినీ తీసుకోడు, పందొమ్మిదేళ్ల పిల్లల్ని అడుగుతాడు. ఎవరికి ఎన్ని ఖాళీలున్నాయో ముందే చూసి ఫోన్ చెయ్యి. ప్రతి పిచర్ పక్కన ఇంతకు మించి ఇవ్వం అన్న పై ధర కూడా ఇప్పుడే కాగితం మీద రాయి. చివరి రోజు మధ్యాహ్నం మూడింటికి ఎవడి బుర్రా సరిగా పని చెయ్యదు.

నో-ట్రేడ్ హక్కులు ముందే చూడు. ఒప్పందంలో లేకపోయినా, పదేళ్ల సర్వీసు ఉండి అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాడు ట్రేడ్‌ను కాదనగలడు. 2023లో డెడ్‌లైన్ రోజున ఎడ్వార్డో రోడ్రిగెజ్ బేరం అంతా అయ్యాక డాడ్జర్స్‌కు రానన్నాడు, ఆ క్లబ్బు అతను వద్దనగల పది జట్ల జాబితాలో ఉంది. ఆ అక్టోబర్‌లో ప్లేఆఫ్స్ సిరీస్‌లో డాడ్జర్స్ తరఫున మూడో ఆట వేసిన లాన్స్ లిన్ ఒక్క ఇన్నింగ్స్‌లో నాలుగు హోమ్‌రన్లు ఇచ్చాడు, సిరీస్ అంతటితో సరి. వద్దనే హక్కున్నవాడు ఎందుకు వద్దంటాడో, ఇల్లెక్కడో, పిల్లల బడి ఎక్కడో అతని ఏజెంట్ ద్వారా వారం ముందే కనుక్కో.

తేదీని ఇప్పుడు కమిషనరే జులై 28, ఆగస్టు 3 మధ్య నిర్ణయిస్తాడు. 2024లో జులై 30, 2025లో 31, రెండుసార్లూ తూర్పు తీరం టైమ్ సాయంత్రం 6 గంటలు. 2017లో పిచర్ వెర్లాండర్ హ్యూస్టన్‌కు ఆగస్టు 31 అర్ధరాత్రి చేరాడు కదా అని ధీమాగా ఉండకు. ఆగస్టు ట్రేడ్ల ఆ దారిని 2019లో మూసేశారు. ఇప్పుడు ఆగస్టులో దొరికేది ఎక్కువగా వెయివర్స్ మీద పడ్డవాడే (పాత క్లబ్బు వదులుకుని మిగతావాళ్ళ ముందు పెట్టినవాడే), వాడు కూడా ఆ నెల 31 లోపు మీ దగ్గరికి చేరితేనే ప్లేఆఫ్స్‌కు పనికొస్తాడు. కొత్తవాడికి చోటివ్వడానికి రోస్టర్‌లోంచి తీసేవాణ్ణి కూడా గడువు లోపే ఆ బేరంలో కలిపెయ్యి. గడువు దాటాక డీఎఫ్ఏ చేస్తే (40 మంది రోస్టర్‌లోంచి తీసేస్తే) అతణ్ణి ట్రేడ్ చెయ్యలేరు, ఊరికే పోవచ్చు.

పిచర్ చేతికొచ్చాక అతను ఆఖరిసారి బంతి వేసిందెప్పుడో చూసి, అలవాటైన విశ్రాంతి తప్పకుండా మొదటి ఆట వెయ్యండి. అంతకు ముందు బుల్‌పెన్‌లో (పిచర్లు సాధన చేసే చోట) మీ క్యాచర్‌తో ఒక పూట గడపనివ్వండి. పిచర్‌కూ క్యాచర్‌కూ మధ్య సంకేతాలు పంపే పిచ్‌కామ్ యంత్రంలో అతని పిచ్‌లన్నీ సరైన పేర్లతో ఉన్నాయో లేదో కూడా ఎవరో ఒకరు సరిచూడాలి. పాత క్లబ్బులో స్వీపర్ అన్నదాన్ని మీరు స్లైడర్ అంటుంటే మొదటి ఆటలోనే బంతి క్యాచర్‌ను దాటుతుంది.

జాబితా తయారయ్యాక నాకు పంపిస్తానని రాశావు. పంపకు. పేరు ఒక్కచోట పొక్కితే ఇంకో రెండు క్లబ్బులు ఫోన్ తీస్తాయి.

ఇట్లు,
మామయ్య