గ్యాస్ మత్తు ఇచ్చాక ఆపరేషన్ మధ్యలో మెలకువ వస్తుందా?

మీ అమ్మగారికి 62 ఏళ్లని, వచ్చే వారం గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అని, మత్తులో ఉండి కూడా చెయ్యి కదిపిన పేషెంట్ గురించి విన్నప్పటి నుంచి భయం పట్టుకుందని రాశారు. నేను మత్తు డాక్టర్‌ని. ముందుగా ఒక మాట: కదలడం వేరు, మెలకువ రావడం వేరు.

సెవోఫ్లూరేన్ లాంటి గ్యాస్ ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకీ వెన్నుపాముకీ చేరుతుంది. కోత పడగానే చెయ్యి వెనక్కి లాక్కోవడం ప్రధానంగా వెన్నుపాము చేయించే పని. దాన్ని ఆపడానికి గ్యాస్ ఎక్కువే కావాలి. నలభై ఏళ్ల వాళ్లలో, వదిలే ఊపిరిలో సెవోఫ్లూరేన్ సుమారు 2 శాతం ఉంటే సగం మంది కదలరు. ఈ మోతాదునే మ్యాక్ అంటాం. పిలిస్తే పలకని స్థితికి మాత్రం అందులో మూడో వంతు దగ్గరే సగం మంది చేరిపోతారు. వయసు పెరిగేకొద్దీ ఈ రెండూ తగ్గుతాయి, కాబట్టి అమ్మగారికి ఇంకా తక్కువే సరిపోతుంది.

ఒక హెర్నియా కేసులో సర్జన్ కోత పెట్టగానే పేషెంట్ వేళ్లు ముడుచుకున్నాయి. మానిటర్ మీద సెవోఫ్లూరేన్ 1.4 శాతం ఉంది. డయల్ కాస్త పెంచి, నొప్పి మందు ఇంకొంచెం ఇచ్చాను. తర్వాత రికవరీ రూములో "మధ్యలో ఏమైనా గుర్తుందా?" అని అడిగితే, "అప్పుడే అయిపోయిందా డాక్టర్ గారూ?" అన్నాడాయన.

లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్‌లో అయితే, కండరాలను వదులు చేసే మందు కూడా ఇస్తాం. అప్పుడు గ్యాస్ తగ్గినా మనిషి కదలలేడు. నాకు అసలు ఆందోళన అక్కడే. అందుకే వదిలే ఊపిరిలో గ్యాస్ ఎంతుందో చూపించే, ప్రతి ఊపిరికీ మారే ఆ అంకె మీదే కన్నుంచుతాను, 0.7 మ్యాక్ కిందికి దిగితే అలారం మోగేలా పెట్టుకుంటాను.

మెలకువ ఎప్పుడూ రాదని చెప్పను. 2014లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో వెలువడిన పెద్ద సర్వేలో సుమారు 19,000 మందికి ఒకరు తమకు మెలకువ వచ్చిందని చెప్పారు. అందులోనూ ఎక్కువ భాగం మత్తు ఎక్కేటప్పుడో దిగేటప్పుడో జరిగినవే.

మీరు చేయగలిగింది ఒకటుంది. ముందురోజు చూడ్డానికి వచ్చే మత్తు డాక్టర్‌కి అమ్మగారు వాడే నిద్రమాత్రలు, పాత ఆపరేషన్ల అనుభవాలు అన్నీ చెప్పండి. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఒళ్లు విపరీతంగా కాలిపోయి ఉంటే అది తప్పకుండా చెప్పాలి. అలాంటి కుటుంబాల వాళ్లకు మేం ఈ గ్యాసులు వాడం, నరంలోకి ఎక్కించే మత్తుతోనే ఆపరేషన్ నడిపిస్తాం.