సినిమా గేమ్‌ల సీజన్ పాస్‌లా, కార్డు బకాయా: ముందు ఏది?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో పని చేస్తున్నాను. నెలకు చేతికి రూ.46,000 వస్తుంది. అద్దె, భోజనం కలిపి రూ.15,000, ఊళ్లో అమ్మానాన్నలకు రూ.10,000, బండి ఈఎంఐ రూ.4,200, పెట్రోలు, ఫోను, నెట్ వగైరాలకు రూ.5,000 పోతాయి. నాకున్న ఒకే సరదా గేమ్‌లు. అందులోనూ స్టార్ వార్స్, ఏలియన్, అవతార్ లాంటి సైన్స్ ఫిక్షన్ సినిమాల ఆధారంగా వచ్చేవంటే పిచ్చి. గత ఏడాది వీటికి రూ.31,000 అయింది. అందులో దాదాపు రూ.19,000 డీఎల్‌సీలకు (గేమ్‌కు విడిగా అమ్మే అదనపు భాగాలు), సీజన్ పాస్‌లకే (అలాంటి భాగాలు కొన్నింటిని కలిపి ముందే కొనుక్కునేవి). నాలుగు నెలల తర్వాత రాబోయే ఒక గేమ్ అల్టిమేట్ ఎడిషన్‌ను (అదనపు భాగాలతో కలిపి అమ్మే ఖరీదైన రకం) రూ.8,000 పెట్టి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో ప్రీ-ఆర్డర్ చేశాను. దానితో కలిపి క్రెడిట్ కార్డు బకాయి రూ.38,000 అయింది. నెలనెలా మినిమం డ్యూ కడుతున్నాను. ఈ రూ.8,000ను ఈఎంఐగా మార్చుకోమంటారా? నా గేమ్ లైబ్రరీకి ముందుముందు ఏమైనా విలువ ఉంటుందా? ఏలియన్: ఐసోలేషన్ డీఎల్‌సీలలో ఏది కొనాలో కూడా తేల్చుకోలేకపోతున్నాను. అమ్మేమో 'ఆన్‌లైన్ గేమ్‌లతో కొంపలు కూలుతున్నాయి' అని ఒకటే టెన్షన్ పడుతోంది.

జవాబు: ముందు ఆ ప్రీ-ఆర్డర్ రద్దు చేయండి. ఈ జవాబులో మిగతాది ఆ తర్వాత చదవొచ్చు. స్టీమ్‌లో ముందుగా కొన్న గేమ్‌ను విడుదలయ్యేలోపు ఎప్పుడైనా రద్దు చేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. రీఫండ్ ఎక్కడికి పంపాలని అడిగినప్పుడు స్టీమ్ వాలెట్‌ను కాకుండా మీరు డబ్బు కట్టిన కార్డునే ఎంచుకోండి. వాలెట్‌లో పడిన డబ్బు మళ్లీ గేమ్‌లకే పోతుంది, బకాయి ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఈఎంఐ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒకసారి ఈఎంఐగా మారితే, తర్వాత రీఫండ్ వచ్చినా చాలా బ్యాంకుల్లో ఈఎంఐ దానంతటదే ఆగదు. ఫోన్ చేసి మూసేయించుకోవాలి, ప్రాసెసింగ్ ఫీజు మీద ఆశ వదులుకోవాలి.

ఇంత తొందర ఎందుకంటే, మీ కార్డు లెక్క ఒకసారి చూడండి. నెలకు 3.6 శాతం వడ్డీ అనుకుందాం. చాలా కార్డులు ఆ చుట్టుపక్కలే వసూలు చేస్తాయి. రూ.38,000 మీద నెల వడ్డీ రూ.1,368, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.246. మొత్తం రూ.1,614. మినిమం డ్యూ 5 శాతం అనుకుంటే మీరు కట్టేది రూ.1,900. అంటే నెలంతా కష్టపడి కట్టిన దాంట్లో అసలుకు జమయ్యేది రూ.286 మాత్రమే.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. పాత బకాయి పూర్తిగా కట్టకుండా కొత్తగా ఏదైనా కొంటే, ఆ కొత్త కొనుగోలుకు వడ్డీలేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. అంటే మీ అల్టిమేట్ ఎడిషన్ ఇంకా డౌన్‌లోడ్ కూడా కాకముందే నెలకు రూ.340 చొప్పున, నాలుగు నెలల్లో రూ.1,360 వడ్డీ తెచ్చిపెడుతుంది. ఆ డబ్బుతో సేల్‌లో ఒక మంచి గేమ్ డీఎల్‌సీలతో సహా వస్తుంది.

మీ సరదాను నేను తప్పు పట్టడం లేదు. నెలంతా పని చేసి, ఇంటికి పదివేలు పంపి, తనకు ఇష్టమైన దాని మీద కొంత ఖర్చు పెట్టుకునే మనిషిని 'అంతా దండగ' అని కసురుకోవడం నాకు నచ్చదు. చూడాల్సింది ఎప్పుడు కొంటున్నారు, ఎవరి డబ్బుతో కొంటున్నారు అన్నది. సినిమా గేమ్‌ల విషయంలో ఈ 'ఎప్పుడు' మామూలు గేమ్‌ల కంటే ఇంకా ముఖ్యం.

కొత్త సినిమాకు మొదటి వారంలో టికెట్ రేటు పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వడం మన రెండు రాష్ట్రాల్లో చాలాసార్లు చూశాం కదా. సినిమా గేమ్‌ల అనుబంధాలూ అదే పద్ధతిలో అమ్ముడవుతాయి. అభిమానం వేడి మీద ఉన్నప్పుడు ధర ఆకాశంలో ఉంటుంది. స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2015 నవంబరులో వచ్చింది, ఆ డిసెంబరులో కొత్త సినిమా ఉంది. గేమ్ 60 డాలర్లు, సీజన్ పాస్ 50 డాలర్లు. అసలు గేమ్‌కు దాదాపు సమానమైన ధర పెట్టి, ఇంకా తయారుకాని నాలుగు విస్తరణలను (పెద్ద డీఎల్‌సీలను) జనం ముందే కొన్నారు. అందులో చివరిది 2016 డిసెంబరులో రోగ్ వన్ సినిమాతో పాటే వచ్చింది. మరి 2017లో ఏమైంది? అదే సీజన్ పాస్‌ను కొంతకాలం ఉచితంగా ఇచ్చేశారు. దాని తర్వాతి భాగం బ్యాటిల్‌ఫ్రంట్ 2ను కూడా 2021 జనవరిలో స్టీమ్ లాంటిదే అయిన ఎపిక్ స్టోర్ ఒక వారం పాటు అందరికీ ఉచితంగా పంచింది. మొదటి రోజు కొన్నవాళ్లూ, ఆగినవాళ్లూ ఆడింది ఒకే ఆట.

అవతార్ మీద మీకున్న ఇష్టం మీ ఉత్తరంలో కనిపిస్తోంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. అవతార్: ఫ్రాంటియర్స్ ఆఫ్ పండోరా 2023 డిసెంబరులో వచ్చింది. సీజన్ పాస్‌లో రెండు కథా విస్తరణలు ఇస్తామన్నారు, 2024లో రెండూ ఇచ్చారు. మాట తప్పలేదు. అయితే 2025 డిసెంబరులో మూడో సినిమా విడుదలైనప్పుడు ఫ్రమ్ ది యాషెస్ పేరుతో ఇంకో విస్తరణ వచ్చింది. అది పాత సీజన్ పాస్‌లో లేదు, విడిగా కొనాల్సిందే. సీజన్ పాస్ అంటే 'ఈ గేమ్‌కు వచ్చేదంతా నాదే' అనుకుంటారు చాలామంది. ఆ పాస్ కింద ఏమేం ఇస్తామని రాశారో అంతవరకే అది మీది. సినిమా వరస కొనసాగుతున్నంత కాలం కొత్త ప్యాక్‌లు వస్తూనే ఉంటాయి.

ఇక ఏలియన్స్: కలోనియల్ మెరైన్స్. 2013 ఫిబ్రవరిలో వచ్చిన ఈ గేమ్‌కు సీజన్ పాస్‌ను విడుదలకు ముందే అమ్మకానికి పెట్టారు. గేమ్ బయటికి వచ్చాక రివ్యూలు చీల్చి చెండాడాయి. ముందు చూపించిన డెమోకూ చేతికొచ్చిన ఆటకూ పొంతన లేదని అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకు కూడా వెళ్లారు. అసలు ఆటే బాగోలేనప్పుడు దాని అనుబంధాలకు ముందే కట్టిన డబ్బు గురించి చెప్పేదేముంది? తెలిసిన సినిమా పేరు చూసి మనం నాణ్యతకు హామీ దొరికినట్టు భావిస్తాం. ఆ పేరు లైసెన్సు ఒప్పందం మీద వచ్చింది. ఆట ఎలా ఉంటుందో దాన్ని తయారు చేసిన స్టూడియో పనితనం మీద ఆధారపడుతుంది.

స్టీమ్ 2024 నవంబరులో సీజన్ పాస్‌ల నిబంధనలు కొంత గట్టి చేసింది. ఇస్తామన్న డీఎల్‌సీని రద్దు చేస్తే, దాని విలువ మేరకు కొన్నవాళ్లకు రీఫండ్ ఇవ్వాలి. ఇది మంచి మార్పే. కానీ ఇచ్చిన డీఎల్‌సీ నాసిరకంగా ఉంటే ఈ నిబంధన మీకు అక్కరకు రాదు. విడిగా కొన్న డీఎల్‌సీకి మాత్రం వేరే అవకాశం ఉంది. కొన్న 14 రోజుల్లోపు, ఆ తర్వాత అసలు గేమ్‌ను రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే సాధారణంగా రీఫండ్ అడగొచ్చు. కాబట్టి ఒక్కొక్కటిగా, వచ్చాక, రివ్యూ చదివి కొనడమే మీకు లాభం.

గేమ్ లోపల అమ్మే కరెన్సీ మీద మీరు ఎంత పెడుతున్నారో రాయలేదు. ఆ రూ.19,000లో అదీ ఉంటే ఈరోజే ఆపేయండి. బ్యాటిల్‌ఫ్రంట్ 2 విడుదల ముందు 2017 నవంబరులో జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. డార్త్ వేడర్, ల్యూక్ లాంటి పాత్రలను తెరవడానికి ఒక్కొక్కరికి 60,000 క్రెడిట్లు (గేమ్ లోపలి కరెన్సీ) పెట్టారు. అభిమానులు తిరగబడ్డాక దాన్ని 15,000కు దించారు, విడుదల ముందురోజు డబ్బుతో కొనే ఏర్పాటునే ఆపేశారు. ఏ పెట్టెలో ఏముందో తెలియకుండా డబ్బు కట్టించే లూట్ బాక్స్‌లు కొన్ని గేమ్‌లలో జూదం కిందికే వస్తాయని 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ తేల్చి చెప్పింది. కథ ఉన్న విస్తరణకు డబ్బు పెట్టడం ఒక ఖర్చు. ఏం వస్తుందో తెలియని పెట్టెకు డబ్బు పెట్టడానికి మీ బడ్జెట్‌లో చోటు ఉండకూడదు.

లైబ్రరీ విలువ గురించి అడిగారు. అమ్మి డబ్బు చేసుకునే విలువ దానికి లేదు. డిజిటల్‌గా కొన్న గేమ్ గానీ డీఎల్‌సీ గానీ మీకు వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తుంది. కాలిఫోర్నియాలో కొత్త చట్టం వచ్చాక 2024 అక్టోబరు నుంచి స్టీమ్ తన చెకౌట్ పేజీలోనే ఈ సంగతి రాస్తోంది. దాన్ని తిరిగి అమ్మలేరు, ఖాతాను ఇంకొకరి పేరుకు మార్చలేరు. మీ ఆస్తుల జాబితాలో దీన్ని సున్నాగానే రాసుకోండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒక స్టోర్‌లో కొన్న డీఎల్‌సీ సాధారణంగా ఇంకో స్టోర్‌లో ఉన్న గేమ్‌కు పని చేయదు. 2021 ఏప్రిల్‌లో ఏలియన్: ఐసోలేషన్ ఎపిక్‌లో ఉచితంగా దొరికినప్పుడు తీసుకున్నవాళ్లు, దాని డీఎల్‌సీ స్టీమ్ సేల్‌లో చవగ్గా కనిపించిందని కొంటే ఆ డబ్బు వృథాయే.

ఆగమని ఇంతగా చెప్పిన నేనే ఆలస్యం వల్ల నష్టపోయే సందర్భం కూడా చెప్పాలి. సినిమా గేమ్‌లకు లైసెన్సు గడువు ఉంటుంది. అది తీరితే స్టోర్ నుంచి తీసేస్తారు. ఇలాగే లైసెన్సు మీద వచ్చిన యాక్టివిజన్ కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్స్ గేమ్‌లు వార్ ఫర్ సైబర్‌ట్రాన్, ఫాల్ ఆఫ్ సైబర్‌ట్రాన్ 2017 డిసెంబరులో స్టీమ్ నుంచి అలాగే మాయమయ్యాయి. అప్పటికే కొన్నవాళ్లకు పోలేదు గానీ కొత్తవాళ్లకు దారి మూసుకుపోయింది. కాబట్టి ఏడాది, రెండేళ్లు ఆగండి. పదేళ్లు ఆగకండి. మీ విష్‌లిస్ట్‌లోని గేమ్‌ను ఫలానా తేదీ తర్వాత అమ్మరని ప్రకటన వస్తే, చేతిలో నగదు ఉంటే, అప్పుడు కొనేయొచ్చు.

ఇప్పుడు మీ నెల లెక్క. కార్డు పక్కన పెడితే మీ ఖర్చులు రూ.34,200, మిగిలేది రూ.11,800. ప్రీ-ఆర్డర్ రీఫండ్ పడితే బకాయి రూ.30,000కు దిగుతుంది. నెలకు రూ.8,000 చొప్పున కట్టండి. నాలుగు నెలల తర్వాత మిగిలేది రూ.1,334, అయిదో నెల దాదాపు రూ.1,400 కట్టేస్తే కార్డు సున్నా. మొత్తం వడ్డీ దాదాపు రూ.3,400 అవుతుంది. రీఫండ్ తీసుకోకుండా ఇదే రూ.8,000 చొప్పున కడితే ఆరు నెలలు పట్టి, వడ్డీ రూ.5,400కు దగ్గరవుతుంది. ఈ అయిదు నెలలూ ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనొద్దు. స్టీమ్‌లోనూ మిగతా యాప్‌లలోనూ సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేయండి. యూపీఐతో కట్టొచ్చు కాబట్టి ఖాతాలో ఉన్నంతవరకే ఖర్చవుతుంది.

గేమ్‌లకు నెలకు రూ.500 పక్కన పెట్టండి. వాలెట్‌లో వేయకండి, జీతం పడే ఖాతా కాకుండా ఇంకో సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. స్టీమ్ పెద్ద సేల్‌లు సాధారణంగా జూన్ చివర, డిసెంబరు చివర వస్తాయి. అప్పటికి రెండు, మూడు వేలు చేతిలో ఉంటాయి. మిగతా రూ.3,300 మీ సినిమాలకు, బిర్యానీలకు, బట్టలకు. అది కూడా లేకుండా బిగించేస్తే ఏ ప్లానూ రెండో నెల దాటదు.

కార్డు తీరాక అదే రూ.8,000ను అత్యవసర నిధికి మళ్లించండి. మూడు నెలల ఖర్చు, అంటే సుమారు రూ.1,03,000 పోగవడానికి పదమూడు నెలలు పడుతుంది. ఐటీ ఉద్యోగంలో ఉన్నారు, ఇంటికి పంపాల్సిన బాధ్యత ఉంది. కాబట్టి సిప్ మొదలుపెట్టే ముందు ఇది పూర్తి చేయండి. అప్పుడు గేమ్‌ల వాటాను రూ.1,000కి పెంచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అమ్మగారి భయం సంగతి. ఆమె వింటున్న వార్తలు డబ్బు పెట్టి డబ్బు గెలుచుకోవాలని ఆడే రమ్మీ, బెట్టింగ్ లాంటి వాటివి. అలాంటి ఆటలను తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ వర్తించే చట్టం తెచ్చింది. మీరు ఆడేవి వేరు, వీటిలో గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు. ఈ తేడాను ఆమెకు నెమ్మదిగా వివరించండి. కానీ కార్డు బకాయి ఉన్నంతవరకు ఆమె ఆందోళనలో న్యాయం ఉందని కూడా ఒప్పుకోండి. రీఫండ్ పడిన మెసేజ్, ఆ తర్వాత నెలనెలా తగ్గే బకాయి ఆమెకు చూపించండి.

చివరగా, ఏలియన్: ఐసోలేషన్ డీఎల్‌సీలలో ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నానని కూడా రాశారు. మీ దగ్గర అసలు గేమ్ స్టీమ్‌లోనే ఉంటే క్రూ ఎక్స్‌పెండబుల్‌ను వచ్చే సేల్‌లో కొనుక్కోండి. ఒక సాయంత్రంలో అయిపోతుంది, గంటల లెక్క వేస్తే ఖరీదుగానే కనిపిస్తుంది. కానీ 1979 నాటి సినిమాలోని సిగోర్నీ వీవర్, టామ్ స్కెరిట్ లాంటి నటులే వచ్చి గొంతు ఇచ్చిన అధ్యాయం అది. ఆ సినిమాను ప్రేమించేవాళ్లకు దాని విలువ గంటల్లో తేలదు. స్కోరు కోసం ఆడే ఆ అయిదు సర్వైవర్ ప్యాక్‌లను మాత్రం, అలాంటి పోటీ మీకు నిజంగా ఇష్టమైతే తప్ప, వదిలేయండి.