నాన్న ట్రంకుపెట్టె

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. మా నాన్న 1971 యుద్ధంలో ఉన్నారు. రిటైరై ఊరికొచ్చాక సూర్యుడికి దండం పెట్టందే కాఫీ కూడా ముట్టేవారు కాదు, ఆదివారమైతే అరసవల్లి వెళ్లాల్సిందే. యుద్ధం గురించి మాత్రం ఎప్పుడూ నోరు విప్పలేదు. వచ్చే నెల ఆయన సంవత్సరీకం. పిల్లలకు తాతయ్య గురించి రాసివ్వాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: ముందు ఆయన ట్రంకుపెట్టె తెరవండమ్మా. డిశ్చార్జి బుక్‌లో ఏ యూనిట్, ఎన్నేళ్ల సర్వీసు, ఏ పతకాలు అన్నది ఉంటుంది. పతకాల్లో పూర్వీ స్టార్ ఉంటే తూర్పున, ఇప్పటి బంగ్లాదేశ్ వైపు పనిచేశారని, పశ్చిమీ స్టార్ ఉంటే పశ్చిమ సరిహద్దు వైపని అర్థం. డిసెంబర్ 3న మొదలైన ఆ యుద్ధంలో 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. లెక్కకు రెండు వారాలే కానీ, ఆ రోజుల్లో ఉత్తరం కోసం ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో మీ అమ్మగారికో మేనత్తలకో గుర్తుండొచ్చు. అడిగి వాళ్ల మాటల్లోనే, మన యాసలోనే రాయండి, దిద్దకండి.

ఆయన భక్తిని వేరే అధ్యాయంగా విడదీయకండి. రథసప్తమికి ఎవరెవర్ని వెంటబెట్టుకెళ్లేవారు, మార్చిలో, అక్టోబరులో కిరణాలు స్వామి పాదాలను తాకే ఆ ఉదయాల కోసం ఎన్నింటికి లేపేవారు, పిల్లలకు కావాల్సింది ఇదే. ఆయన మౌనాన్ని కూడా ఉన్నదున్నట్టు రాయండి, లేని వీరగాథ కల్పించొద్దు. ఆయనతో పనిచేసినవాళ్లు చుట్టుపక్కల ఉంటే సంవత్సరీకానికి పిలవండి, వాళ్లకూ డెబ్బై దాటి ఉంటాయి.