నెదర్లాండ్స్‌కి వస్తున్నారా? ముందు నీళ్ల సంగతి తెలుసుకోండి

కొత్తగా వచ్చే మనవాళ్లు మొదట అడిగేది చలి గురించే. "మైనస్ ఎంత దాకా వెళ్తుందండీ? జాకెట్లు హైదరాబాద్‌లోనే కొనుక్కోవాలా?" అని. చలికి అంత టెన్షన్ పడక్కర్లేదు. జనవరిలో కూడా సగటున 3, 4 డిగ్రీలు ఉంటుంది. మంచు పడేది ఏడాదికి కొన్ని రోజులే, పడినా ఎక్కువసేపు నిలవదు. నిజానికి మీరు సిద్ధపడాల్సింది గాలికి, తడికి, చీకటికి.

ఉత్తర సముద్రం మీంచి వచ్చే గాలికి ఇక్కడ అడ్డమనేదే లేదు. ఐరోపాలోని నేల వరకు చూస్తే దేశం మొత్తంలో ఎత్తైన చోటు దక్షిణం కొసన వాల్స్ ఊరి దగ్గర, 322 మీటర్లు. తిరుమల కొండలో సగం కూడా కాదు. అందుకే సైకిల్ తొక్కడానికి చదునుగానే ఉంటుంది కానీ ఎదురుగాలి ఉన్నరోజు ఘాట్ రోడ్డు ఎక్కినంత పని అవుతుంది. వర్షం ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్లు, అంటే హైదరాబాద్‌కి దరిదాపుల్లోనే. కాకపోతే మనకు నాలుగు నెలల్లో దంచేసేది ఇక్కడ పన్నెండు నెలలూ తుంపరగా పడుతూనే ఉంటుంది, అదీ పక్కనుంచి కొడుతుంది. గొడుగు మోసుకురాకండి, వారం ఆగదు. రెయిన్‌కోటు, దానికి జతగా రెయిన్ ప్యాంటు ఇక్కడికి వచ్చాకే కొనుక్కోండి. ఫోన్‌లో బౌయెన్‌రాడార్ యాప్ పెట్టుకోండి. ఇంకో గంటలో వాన ఉందో లేదో చూసుకోకుండా ఇక్కడెవరూ సైకిల్ తీయరు.

డిసెంబర్‌లో ఉదయం ఎనిమిదీ ముప్పావుకి గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకే పొద్దు పోతుంది. మొదటి శీతాకాలం చాలామందికి కారణం తెలియకుండానే దిగులుగా ఉంటుంది. ముఖ్యంగా ఉద్యోగం లేకుండా భర్తతోనో భార్యతోనో వచ్చి ఇంట్లో ఉండేవాళ్లకి. మధ్యాహ్నం కాస్త వెలుగున్నప్పుడే బయటికి నడవండి, విటమిన్ డి గురించి డాక్టర్‌ని అడగండి. జూన్‌లో కథ తిరగబడుతుంది: రాత్రి పదింటికీ వెలుతురే, పిల్లలు పడుకోరు. మందపాటి కర్టెన్లు కావాలి. ఎండలు ఉండవనుకోకండి. 2019 జూలై 25న హిల్సె-రైయెన్ అనే చోట 40.7 డిగ్రీలు నమోదైంది. ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లు కూడా ఉండవు కాబట్టి టేబుల్ ఫ్యాను మే నెలలోనే కొనిపెట్టుకోండి.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటి చెప్తాను. కిటికీ పైన గాలి ఆడటానికి సన్నటి జాలీ ఉంటుంది. చలిగాలి వస్తోందని మనవాళ్లు దానికి టేప్ వేసేస్తారు. ఇంట్లో పప్పు ఉడుకుతుంది, బట్టలు హాల్లోనే ఆరతాయి. రెండు నెలల్లో గోడల మూలలు నల్లగా బూజు పడతాయి. ఖాళీ చేసేటప్పుడు ఆ రిపేరు ఖర్చు డిపాజిట్‌లోంచి పోయే ప్రమాదం ఉంది. ఆ జాలీని తెరిచే ఉంచండి.

ఇక అసలు విషయం, నీళ్లు. ఈ దేశం రైన్, మ్యూజ్, స్కెల్ట్ నదుల డెల్టా. నేలలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టం కంటే కిందే ఉంది. మీరు దిగే స్కిపోల్ విమానాశ్రయం ఒకప్పుడు హార్లెమ్మర్‌మేర్ అనే పెద్ద సరస్సు అడుగుభాగం. ఆవిరి పంపులతో నీళ్లు తోడి 1852 నాటికి దాన్ని ఎండబెట్టారు. అదే ఏడాది మనకి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అక్కడ నీళ్లు పొలాల్లోకి మళ్లించడానికి, ఇక్కడ పొలాల్లోంచి తోడెయ్యడానికి. మనవాళ్లు చాలామంది కాపురముండే హోఫ్డోర్ప్ కూడా ఆ సరస్సు అడుగునే ఉంది.

ఈ తోడటం ఇప్పటికీ ఆగలేదు. ఆ పని చూసేది 'వాటర్‌స్కాప్' అనే స్థానిక జలమండళ్లు. వీటి మూలాలు 13వ శతాబ్దం నాటివి, ఇప్పుడు 21 ఉన్నాయి. వచ్చిన కొన్నాళ్లకి వీళ్ల నుంచి ఒక కవరు వస్తుంది. తాగునీటి బిల్లు కట్టాం కదా, ఇది మోసమేమో అని చాలామంది పక్కన పడేస్తారు. అది మోసం కాదు, పన్ను. గట్ల సంరక్షణకూ మురుగునీటి శుద్ధికీ కట్టాలి. అందులో శుద్ధి పన్ను లెక్క విచిత్రంగా ఉంటుంది: ఇంట్లో ఒక్కరే ఉంటే ఒక యూనిట్, ఇద్దరు గానీ ఆరుగురు గానీ ఉంటే మూడు యూనిట్లు. భార్య వచ్చిన ఏడాది బిల్లు పెరిగిందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆదాయం తక్కువైతే మినహాయింపు అడగొచ్చు. నాలుగేళ్లకోసారి జరిగే ఈ మండళ్ల ఎన్నికల్లో, చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకీ ఓటుంది. వేయండి.

ఈ జాగ్రత్తంతా ఊరికే రాలేదు. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున తుఫాను గాలికి సముద్రం పొంగి జేలాండ్ ప్రాంతంలో గట్లు తెగాయి. 1,836 మంది చనిపోయారు. 1977 దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లు అవూవర్‌కెర్క్‌లోని మ్యూజియం తప్పకుండా చూడాలి. ఆ తర్వాతే డెల్టా వర్క్స్ అని గట్లు, ఆనకట్టలు, గేట్ల వరస కట్టారు. రాటర్‌డ్యామ్‌ని కాపాడే మాస్లాంట్ గేట్లు 1997లో పూర్తయ్యాయి. కాబట్టి సముద్రమట్టం కింద ఇల్లని రాత్రుళ్లు నిద్ర మానుకోకండి. 2021 జూలైలో మునిగింది పల్లపు ఊళ్లు కాదు, దక్షిణాన ఎత్తుగా ఉండే లింబర్గ్ ప్రాంతంలోని వాల్కెన్‌బర్గ్. అలాగే నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం 12కి సైరన్ మోగితే పరుగెత్తకండి, అది పరీక్ష.

చరిత్ర అంతా చెప్పను. 1568 నుంచి 1648 దాకా డచ్చివాళ్లు స్పెయిన్‌తో పోరాడి స్వతంత్రమయ్యారు. మనకి సంబంధించిన ముక్క వేరే ఉంది. 1602లో పెట్టిన వాళ్ల ఈస్టిండియా కంపెనీ 1605-06 నాటికే మచిలీపట్నం వచ్చింది. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలు ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్నాయి, అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్లండి. అయితే ఆ ఓడల్లో వెళ్లినవి బట్టలొక్కటే కాదు, కోరమాండల్ తీరం నుంచి బానిసలుగా మనుషుల్నీ పట్టుకెళ్లారు. బానిసత్వంలో దేశం పాత్రకి రాజు 2023 జూలై 1న క్షమాపణ చెప్పాడు. హేగ్‌లో హిందీకి దగ్గరగా మాట్లాడేవాళ్లు, గుళ్లు, కూరగాయల కొట్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. 1873 నుంచి, దక్షిణ అమెరికాలో అప్పటి డచ్ వలస ప్రాంతమైన సురినామ్ తోటలకి కూలీలుగా వెళ్లిన భోజ్‌పురి ప్రాంతపు వాళ్ల సంతతి అది. కరివేపాకు, బెండకాయ అక్కడ దొరుకుతాయి. ఇంకోటి, మే 4న రాత్రి ఎనిమిదింటికి రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ తర్వాతి యుద్ధాల్లోనూ పోయినవాళ్ల కోసం రెండు నిమిషాలు దేశమంతా మౌనం పాటిస్తుంది. ఆ సమయంలో వీధిలో నిలబడి ఫోన్ మాట్లాడకండి.

కొన్నాళ్లకి ఇల్లు కొందామంటారు, అందరూ అంటారు. పశ్చిమాన నేల చాలాచోట్ల మెత్తటి పీట్ మట్టి, అంటే మొక్కలు కుళ్లి ఏర్పడిన నేల. పాత ఇళ్లు చెక్క స్తంభాల మీద నిలబడి ఉన్నాయి. భూగర్భజలం తగ్గి గాలి తగిలితే ఆ చెక్క కుళ్లుతుంది, ఇల్లు ఒరుగుతుంది. సరిచేయడానికి అయ్యే ఖర్చు లక్ష యూరోలు దాటొచ్చు. గౌడా లాంటి ఊళ్లలో నేలే ఏటా కాస్త కుంగుతోంది. అందుకని 1970కి ముందు కట్టిన ఇల్లయితే బిడ్ వేసే ముందే పునాది రిపోర్టు అడగండి, తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయో చూడండి, నేల మీద గోలీ పెట్టి దొర్లుతుందేమో చూడండి. ఏజెంటు నవ్వితే నవ్వనివ్వండి. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో అయితే స్థలం మీదా, నగరానిదా, లీజు ఎప్పటిదాకా కట్టి ఉంది అన్నది కూడా సంతకానికి ముందే కాగితం మీద చూసుకోండి.